దేవుడు నిద్రపోతాడా?

"ఒక్కో మతం దేవుణ్ణి ఒక్కోలా ఎందుకు చెబుతుంది? చివరికి అందరూ చెప్పేది ఒక్క దేవుడి గురించేనా?" అని అడిగారు. పండితులు రాసే జవాబు వేరే ఉంటుంది. నాది హనుమకొండలో పటాలు కట్టే దుకాణం. మా బాపు (నాన్న) తర్వాత నేను కూర్చుని ఇరవై ఆరేళ్ళయింది. వెంకటేశ్వరస్వామి, ఏసు ప్రభువు, మక్కా, మహావీరుడు, సమ్మక్క సారలమ్మ... అందరూ నా బల్ల మీదికొచ్చి, బీడింగు కట్టించుకుని, అద్దం వేయించుకుని పోయినవాళ్ళే.

"దేవుళ్ళంతా ఒక్కటే, పేర్లే వేరు" అని నేనూ చాలా ఏళ్ళు అనేవాణ్ణి. గిరాకీతో మాట కలపడానికి అంతకన్నా సుళువైన మాట లేదు. దాని మీద నాకు అనుమానం పుట్టించింది ఒక తలకిందుల పటం.

రైల్వేలో రిటైరైన ఒక చాచా కాజీపేట నుంచి వచ్చి, నల్ల మఖ్మల్ మీద బంగారు రంగులో రాసిన ఆయతుల్ కుర్సీ ఇచ్చి వెళ్ళాడు. ఖురాన్‌లో రెండో సూరా (అధ్యాయం), 255వ వాక్యం అది. ముస్లింల ఇళ్ళల్లో గోడల మీద చాలాచోట్ల కనబడుతుంది. అక్షరాలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఒరిగినట్టు ఉన్నాయి. నాకు అరబ్బీ రాదు. ఏది పైనో ఏది కిందో నా అంచనా ప్రకారం అనుకుని, వెనక కొక్కెం బిగించేశా.

సాయంత్రం చాచా వచ్చి చూశాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పటాన్ని రెండు చేతులా తీసుకుని తలకిందులుగా తిప్పాడు. నాకు చెమటలు పట్టాయి. దేవుడి మాటనే తిరగేశానే, ఇప్పుడేమంటాడో అని ఒకటే టెన్షన్. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, వేలు అద్దానికి తగలకుండా కొంచెం పైన కదుపుతూ, కుడి నుంచి ఎడమకు చదివి చూపించాడు.

"ఇక్కడ చూడు బేటా. సినహ్ అంటే కునుకు. నౌమ్ అంటే నిద్ర. ఆయనకు కునుకూ రాదు, నిద్రా రాదు అని రాసి ఉంది."

నా నోరు ఊరుకోలేదు. "మేమైతే రాత్రి దేవుణ్ణి పడుకోబెడతాం చాచా" అన్నా. నిజమే కదా. మా అమ్మ రోజూ రాత్రి పూజగూటికి తెర వేసేది. పాత చీర కొంగు కత్తిరించి తనే కుట్టిన తెర. పొద్దున దీపం పెట్టేముందు దాన్ని పక్కకు జరిపేది. గుళ్ళల్లోనూ సుప్రభాతంతో లేపుతారు, పవళింపు సేవతో నిద్రపుచ్చుతారు.

చాచా నవ్వాడు. "మరి ఆయన పడుకుంటే దుకాణం ఎవరు చూసుకుంటరు?"

వెక్కిరింపు కాదు, తెలుసుకుందామనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కొక్కెం ఊడదీసి అటువైపు బిగించి ఇచ్చా. ఆ రోజు నుంచి పటం కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళలో కాస్త తీరిగ్గా కనబడినవాళ్ళందరినీ ఈ ఒక్క ప్రశ్నే అడగడం మొదలుపెట్టా: మీ దేవుడు నిద్రపోతాడా?

ముందు చాచా సంగతే చెబుతా. దేవుడు ఒక్కడే అనడంతో ఇస్లాం ఆగదు, ఆయనకు పోలిక లేదు అంటుంది. ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, సాటి ఎవరూ లేరు అని 112వ సూరా నాలుగు చిన్న వాక్యాల్లో చెప్పేస్తుంది. నిద్ర అంటే అలసట, అలసట అంటే లోటు. ఏ లోటూ లేనివాడికి, దేనితోనూ పోల్చలేనివాడికి బొమ్మ ఎలా గీస్తాం? అందుకే ఆ ఇళ్ళ నుంచి నా బల్ల మీదికి వచ్చేవి అక్షరాలే. కాజీపేట దర్గాకు మేమూ వెళ్తాం, చక్కెర చదివిస్తాం. మనవాళ్ళు అక్కడ కూడా దేవుడు అనే అంటారు. చాచా ఊరుకునేవాడు కాదు. "వలీ బేటా, వలీ. దేవునికి దగ్గరోడు. దేవుడు కాదు."

పటాలు తెచ్చే ఒక వైష్ణవ అర్చకస్వామి దగ్గర నా ప్రశ్న పెడితే ఆయన తడుముకోలేదు. "ఆయనకు నిద్ర అవసరమై కాదయ్యా. మన చేత సేవ చేయించుకోవాలని ఒప్పుకుని వచ్చాడు." శ్రీవైష్ణవుల లెక్కలో భగవంతుడికి ఐదు స్థితులు: పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ. ఆఖరిది మన గుళ్ళో విగ్రహం. లోకాలన్నీ నడిపేవాడే మనం నీళ్ళు పోస్తే స్నానం, పెడితే నైవేద్యం అన్నట్టు మన చేతికి దొరికిపోయాడని వాళ్ళ నమ్మకం. చాచా దృష్టిలో లోటుగా కనబడేదే ఈయనకు దయగా కనబడుతుంది. ఇక విష్ణువు తొలి ఏకాదశికి పడుకుని కార్తీక శుద్ధ ఏకాదశికి లేస్తాడు. ఆ నాలుగు నెలలూ లోకం ఆగిపోతుందని ఎవరూ అనుకోరు, ఎందుకంటే అది ఎరుక తప్పని యోగనిద్ర.

రిటైరైన సంస్కృతం సారు ఒకాయన నా ప్రశ్ననే తిరగేశాడు. మాండూక్యోపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలే. మెలకువ, కల, గాఢనిద్ర, ఈ మూడూ కాని నాలుగోది తురీయం అంటుంది అది. "దేవుడు నిద్రపోతాడా అన్నది వదిలెయ్. నువ్వు ఒళ్ళు తెలియకుండా పడుకుంటావ్. పొద్దున లేచి హాయిగా నిద్రపట్టింది అంటావ్. ఆ హాయిని చూసిందెవరు?" జీవుడూ దేవుడూ రెండు కాదనే అద్వైతులకు ఆ చూసేదే బ్రహ్మం. అది ఎక్కడో పైన కూర్చుని లేదు. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

ఫాతిమానగర్ వైపు నుంచి వచ్చే ఒక సిస్టర్‌తో జరిగింది ఇంకా బాగా గుర్తుంది. ఆవిడ తెచ్చిన బొమ్మలో నడి సరస్సులో తుఫాను, పడవలోకి నీళ్ళు, శిష్యుల ముఖాల్లో చావు భయం. పడవ వెనక భాగంలో తలగడ మీద తల పెట్టి ఏసు నిద్రపోతున్నాడు. నేను అడగకముందే జవాబు అద్దం కింద ఉంది! అదే వారం ఒక పాస్టరుగారు బొమ్మ వద్దు, వాక్యం చాలు అని 121వ కీర్తన కట్టించుకున్నారు. అందులో కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని ఉంది. రెండూ ఒకే బైబిల్లోవి. ఇదేంటి సిస్టర్ అంటే ఆవిడ, "మనిషి కాబట్టి నిద్రపోయాడు. దేవుడు కాబట్టి లేచి గాలిని గద్దించాడు. ఇద్దరు కాదు, ఒక్కడే" అంది. ఈ మాట తేల్చుకోవడానికే క్రైస్తవులు 451లో కాల్సిడాన్ అనే ఊళ్ళో సభ పెట్టుకుని, ఏసు పూర్తిగా దేవుడూ పూర్తిగా మనిషీ అని తీర్మానించారట. ఆ తీర్మానం ఒప్పుకోని సంఘాలు ఆ తర్వాత విడిపోయాయి.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. దేవుడు మనిషై పుట్టి అలసి పడుకోవడం చాచాకు అసలు కుదరని మాట. సిస్టర్‌కు అది తీసేస్తే మిగిలేదేమీ లేదు. వీళ్ళిద్దరితో "మీరు చెప్పేది ఒక్కటే" అంటే ఇద్దరి మాటా విననట్టే. మన వేయిస్తంభాల గుడే చూడండి. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు కట్టించాడు. పేర్లే వేరు అనుకుంటే ఒకటి కడితే సరిపోయేది, రాయి కూడా మిగిలేది.

ఇంకో సంగతి. దేవుడు అంటేనే సృష్టికర్త అని మనం ముందే అనుకుని ప్రశ్న వేస్తాం. ఆలేరు దగ్గరి కొలనుపాక ఆదినాథుడి పటం కట్టించుకున్న మార్వాడీ సేఠ్‌ను అడిగితే, "ఆయనకు పనే లేదు, ఇంక అలసట ఎక్కడిది?" అన్నాడు. జైనుల లెక్కలో లోకానికి మొదలు లేదు, చేసినవాడూ లేడు. తీర్థంకరుడు కర్మలన్నీ తెంచుకుని బయటపడ్డ జీవుడు. మన మొక్కులు వినడు, వరాలివ్వడు. "మరి దండం ఎందుకు సేఠ్?" అంటే, "ఆయనలాగా కావాలని" అన్నాడు. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద బండకు చెక్కిన తీర్థంకరులు ఇప్పటికీ ఉన్నారు. 1117లో అక్కడ జైన బసది (గుడి) కట్టించినట్టు శాసనం ఉంది. ఆ గుట్ట కింది చెరువులోనే మా ఆడవాళ్ళు బతుకమ్మలను సాగనంపుతారు. బుద్ధుడి దారీ సృష్టికర్త లేనిదే. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో స్తూపం ఆనవాళ్ళు చూశాను గానీ, బుద్ధుడి పటం కట్టించుకునేవాళ్ళు నాకు తక్కువ, అడిగే అవకాశం రాలేదు.

మేడారం జాతర ఏడాది వచ్చిందంటే నాకు చేతినిండా పని. సమ్మక్క సారలమ్మల పటాలు వందల్లో కడతా. ఒకసారి తాడ్వాయి నుంచి వచ్చిన కోయ అన్న వాటిని చూసి నవ్వి, "ఈ ముఖాలు మీకోసమే అన్నా. గద్దె మీద బొమ్మ ఉండది" అన్నాడు. అక్కడుండేది వెదురు, కుంకుమ భరిణె. భక్తులు తమ ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇచ్చుకుంటారు. కాకతీయులతో పోరాడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనబడకుండా పోయి, దేవతైందని కథ. రెండేళ్ళకోసారి కోయ పూజారులు గుట్ట నుంచి ఆమెను తెస్తుంటే పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం చెబుతారు. "తల్లి నిద్రపోతదా?" అని అడిగా. "ఎందుకు పంటది? గుట్టల ఉంటది. పిలిస్తే వస్తది" అని బీడింగు రేటు బేరమాడటం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అరబ్బీ పటం ఏది వచ్చినా, తెచ్చినవాళ్ళు ఉండగానే వెనక పెన్సిల్‌తో పైకి బాణం గుర్తు వేయించుకుంటున్నా. నేను నమ్ముతానా అంటే రోజుకో రకం. అమ్మ పోయి ఆరేళ్ళు. ఆ చీర కొంగు తెర ఇంకా ఉంది, రాత్రి నేనే వేస్తున్నా. మరిచిపోయి పడుకుంటే మా ఆవిడ చీకట్లో అడుగుతుంది, "తెర ఏసిన్రా?" అని. లేచి వెళ్తా.