ఆ సెలూన్ కుర్చీ దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. 1926 నాటి న్యూయార్క్‌లో ఒక టైపిస్టు పిల్లని తీసుకోవడం బాగుంది. కానీ మొదటి పేజీ నిండా పూసల గౌను, ముత్యాల దండ, సిగరెట్టు, జాజ్ సంగీతం. ఇంతకీ ఆ పిల్ల ఏదీ? ఫ్లాపర్, అంటే ఆ రోజుల్లో పాత కట్టుబాట్లు పక్కన పెట్టిన కుర్రపిల్ల, అనగానే అందరికీ తోచే వేషమే నాకు కనబడింది.

జుట్టు దగ్గర మొదలుపెట్టి చూడు. అప్పట్లో జుట్టు పొట్టిగా కత్తిరించే బాబ్ కట్ కోసం చాలామంది ఆడవాళ్ళు మగవాళ్ళ సెలూన్లకే వెళ్ళాల్సి వచ్చింది. ఆడవాళ్ళకి ముడులు వేసి అలంకరించే చోట్ల కత్తిరించడం చాలామందికి చేతకాదు, కొందరు మేం చెయ్యం అనేశారు. అంటే నీ పిల్ల, గడ్డం గీయించుకోడానికి కూచున్న మగవాళ్ళందరూ చూస్తుండగా ఆ కుర్చీ ఎక్కాలి. ఆ సీను రాయి. నా పద్దెనిమిదో ఏట నేనూ జడ కత్తిరించుకున్నాను. మా నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆవిడ కోపం కంటే, మెడ వెనక మొదటిసారి తగిలిన గాలి నాకింకా బాగా గుర్తుంది.

బట్టలు కూడా అలాగే, ఒంటికి ఎలా ఉన్నాయో చెప్పు. వాళ్ళమ్మ కార్సెట్‌లో నడుం బిగించుకుని, పాదాలదాకా గౌను వేసుకున్న మనిషి. కూతురి గౌను నడుం దగ్గర వదులు, అంచు మోకాలి దగ్గర. దాంతో సబ్‌వే మెట్లు గబగబా దిగొచ్చు, రాత్రి చార్ల్‌స్టన్ డాన్సు ఆడొచ్చు. కుట్టు సులువు కాబట్టి ఇంట్లో మిషన్ మీదే కుట్టుకోవచ్చు. అసలు పట్టు కొనలేని పిల్లకి పట్టులా కనబడే కృత్రిమ నూలు, రేయాన్, మేజోళ్ళు ఉన్నాయి.

ఇంకో దృశ్యం చెప్తాను. 1922లో వాషింగ్టన్‌లో, టైడల్ బేసిన్ అనే చెరువు ఒడ్డున తీసిన ఫోటో అది. ఈత దుస్తుల్లో ఉన్న అమ్మాయి ముందు ఒకాయన వంగి, మోకాలికీ బట్ట అంచుకీ మధ్య టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఆరంగుళాలు దాటకూడదని రూలు. ఆడవాళ్ళకి ఓటు హక్కు ఇచ్చిన రాజ్యాంగ సవరణ అప్పటికే రెండేళ్ళ కిందట వచ్చేసింది! పైగా ఆ ఒడ్డు తెల్లవాళ్ళకి మాత్రమే. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళని ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఓటు దగ్గరికి రానివ్వలేదు. నీ కథలో న్యూయార్క్‌లోని నల్లజాతివాళ్ళ పేట హార్లెం ఒక్క పాటలో వచ్చి పోయింది. అది చాలదమ్మా.

సిగరెట్టు విషయంలో జాగ్రత్త. 1929 ఈస్టర్ రోజున న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో ఆడవాళ్ళు సిగరెట్లు వెలిగించి నడిచారు. వాటికి ‘స్వేచ్ఛా జ్యోతులు’ అని పేరు. వెనక ఉన్నది పొగాకు కంపెనీ కోసం పనిచేసిన ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్. ఆ పిల్లల కోరిక నిజమే, దాన్ని అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ నీకు తెలిసి ఉండాలి.

చివరగా ఒక్క సందేహం. శనివారం జీతం కవరు చేతికొచ్చాక అందులోంచి వాళ్ళమ్మకి ఎంత ఇచ్చింది? నువ్వు ఎక్కడా రాయలేదు. అది తేల్చుకుని తిరగరాయి. సెలూన్ సీను ముందు పూర్తయితే అదొక్కటే పంపు, చదువుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ