మంచుకొండల సైనికుడు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: సార్, మాది అచ్చంపేట. మా పెద్దోడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్లు స్కీయింగ్ నేర్పించి కొండల సైన్యాన్ని తయారుచేసిన వీడియోలు చూసి, తానూ అట్లాంటి సైనికుణ్ని అవుతానంటున్నాడు. ఎత్తు 168 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో ఒక అకాడమీవాళ్లు ‘స్నో కమాండో’ కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఎండల్లో పెరిగినోడు ఆ చలికి ఆగుతాడా? నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ లక్షన్నర కట్టకండి. అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఇదే. ‘స్నో కమాండో’ అనే పోస్టుకు మన సైన్యంలో నోటిఫికేషనే ఉండదు. మంచులో యుద్ధం నేర్పే సైనిక పాఠశాల కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో ఉంది. 1948లో స్కీ స్కూలుగా మొదలై, 1962 నుంచి హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ అన్న పేరుతో నడుస్తోంది. అక్కడికి బయటివాళ్లు ఫీజు కట్టి పోలేరు. అప్పటికే సైనికులైనవాళ్లలో గట్టివాళ్లను ఏరి, వాళ్ల యూనిట్లే పంపుతాయి. అంటే మీవాడు ముందు సైనికుడు కావాలి, మంచు తర్వాత.

వాడు చూసిన వీడియోలు బహుశా అమెరికా పదో మౌంటెన్ డివిజన్‌వి అయి ఉంటాయి. 1942లో కొలరాడో కొండల్లో, 9,200 అడుగుల ఎత్తున క్యాంప్ హేల్ కట్టారు. మొదట్లో అందులో చేరాలంటే మూడు సిఫారసు ఉత్తరాలు తేవాలి. స్కీయింగ్ వచ్చినవాళ్లూ, కొండలెక్కే అలవాటున్నవాళ్లూ వచ్చారు. తర్వాత ఆ సంఖ్య చాలక, అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి మంచు మొహం ఎరగని కుర్రాళ్లను కూడా తెచ్చి నేర్పించారు. ఒక్కొక్కరి వీపు మీద దాదాపు 40 కిలోల బరువు. ఆ లోయలో రైళ్ల పొగ, బొగ్గు పొయ్యిల పొగ పైకి పోక అక్కడే నిలిచిపోయేది, క్యాంపంతా దగ్గు. 1944 వసంతంలో వారాల తరబడి మంచులోనే పడుకోబెట్టి విన్యాసాలు చేయించారు. ఆ వెంటనే వేసవిలో టెక్సాస్ ఎండల్లోకి మార్చి అక్కడా శిక్షణ ఇచ్చారు.

మీవాడికి ఈ వీడియోల తర్వాతి కథ చెప్పండి. ఇటలీలో అసలు యుద్ధానికి దిగాక వాళ్ల స్కీలు పెద్దగా పనికి రాలేదు. 1945 ఫిబ్రవరి 18 రాత్రి రీవా రిడ్జ్ అనే నిటారు కొండను చీకట్లో, చప్పుడు చేయకుండా ఎక్కారు. ఆ వైపు నుంచి ఎవరూ రాలేరని పైనున్న జర్మన్లు ధీమాగా ఉన్నారు. గెలిపించింది కాళ్ల బలం, తాడు మీద నమ్మకం, పక్కవాడి మీద నమ్మకం. కానీ నాలుగైదు నెలల్లోపే ఆ డివిజన్‌లో దాదాపు వెయ్యి మంది చనిపోయారు. ఈ మాట కూడా వాడికి చెప్పండి, దాచకండి. మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన సంగతి మీకు తెలిసిందే. అన్నీ తెలిసి కూడా పోతానంటే, ఆ కోరికను తేలిగ్గా తీసేయకూడదు.

ఇక చలి సంగతి. ఎత్తుకు అలవాటు పడటం ఎవరికైనా నేర్పాల్సిందే, ఏ ప్రాంతంవాడైనా మైదానం నుంచి పైకి పోతే అంతే. మన సైన్యంలో 9,000 అడుగులు దాటితే ఆరు రోజులు, 12,000 దాటితే ఇంకో నాలుగు, 15,000 పైన మరో నాలుగు రోజులు ఆగి ఆగి పంపుతారు. తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మంచి పహిల్వాన్‌కు కూడా. అప్పుడు వెంటనే కిందికి దించాలి. నిజామాబాద్ జిల్లా పాకాలలో పుట్టిన మాలావత్ పూర్ణ 2014లో, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ అమ్మాయి మొదట తాడు పట్టింది మన భువనగిరి బండ మీద. ఎండ అడ్డం కాలేదు.

దారులు చూద్దాం. మీరు ఎత్తు రాసి మంచి పని చేశారు, ఎందుకంటే లెక్కంతా అక్కడే తేలుతుంది. ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్ అంటే ఐటీబీపీ. చైనా సరిహద్దు కొండల్లో కాపలా వాళ్లదే, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వాళ్లకు సొంత స్కీయింగ్ సంస్థ ఉంది. వాడి కోరికకు అన్నిటికన్నా దగ్గరిది అదే. అందులో కానిస్టేబుల్‌గా చేరాలంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్ఎస్‌సీ జీడీ పరీక్ష రాయాలి, దాన్ని తెలుగులో కూడా రాయొచ్చు. కానీ మగపిల్లలకు 170 సెంటీమీటర్లు అడుగుతారు, ఎస్టీలకు 162.5 చాలు. మీది ఏ కేటగిరీనో రాయలేదు. 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. సైన్యంలో జవానుగా చేరే అగ్నివీర్ జనరల్ డ్యూటీకి మన ప్రాంతంలో 166 చాలు, మీవాడు సరిపోతాడు. అయితే అది నాలుగేళ్లే, ఆ తర్వాత నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు. ఇంటర్ తర్వాత సైనిక అధికారులుగా తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీకి, అంటే ఎన్డీఏకు, 157 చాలు. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య, ఇంటర్ సెకండియర్‌లో ఉండగానే యూపీఎస్సీ పరీక్ష రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు ఉంటుంది.

నన్నడిగితే ముందు ఎన్డీఏ రాయించండి. లెక్కలు బాగా వస్తే సగం పని అయినట్టే. రాకపోతే ఇంట్లో కూర్చోబెట్టకుండా ఎన్‌సీసీ ఉన్న డిగ్రీ కాలేజీలో చేర్చండి. ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే డిగ్రీ తర్వాత రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు, అంటే సైనిక అధికారులను ఎంపిక చేసే ఇంటర్వ్యూకు, పోయే ఎంట్రీ ఉంది. ఎన్‌సీసీ పిల్లలను డార్జిలింగ్, ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థలకు కోర్సులకు పంపుతారు కూడా. వాడు మంచు మొదటిసారి తొక్కేది అక్కడే కావొచ్చు, మీ డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా. అగ్నివీర్‌ను నేను తక్కువ చేయడం లేదు. కానీ చదువు మీద పట్టున్న పిల్లవాడు పదిహేడున్నరకే నాలుగేళ్ల ఉద్యోగంలోకి దూకడం కన్నా ఈ దారి మేలని నా అభిప్రాయం.

ఈలోగా ఇంటి దగ్గరే చేయాల్సినవి ఉన్నాయి. పాదం తడిపి సిమెంటు గచ్చు మీద నిలబడమనండి. లోపలి వైపు వంపు కనబడకుండా అరికాలు మొత్తం అచ్చు పడితే ఎముకల డాక్టరుకు చూపించండి, ఫ్లాట్ ఫుట్ అని మెడికల్‌లో తిప్పి పంపుతారు. కళ్లు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. పొద్దున్నే ఎండ రాకముందు పరుగు, వారానికి ఒకసారి ఉమామహేశ్వరం గుట్ట మెట్లు. సంచిలో మొదట ఐదు కిలోలు వేసుకుని ఎక్కమనండి, బరువు నెలనెలా కొంచెం కొంచెం పెంచాలి. మోకాళ్లు దిగేటప్పుడే దెబ్బతింటాయి, అందుకని దిగేటప్పుడు నిదానంగా దిగమనండి. ఎన్డీఏ నోటిఫికేషన్ తేదీలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో వాడినే చూసుకోమనండి. దరఖాస్తు వాడే నింపాలి, మీరు నింపకండి.