తమరు, మీరు, నువ్వు: రాణిగారు ఏమని పిలవాలి?

సందేహం: మాది విజయనగరం. పద్మనాభ యుద్ధం (1794) తర్వాతి రోజుల్లో జరిగినట్టుగా ఒక నవల రాస్తున్నాను. సంస్థానం కల్పితమే. రాజుకీ రాణికీ ఏడేళ్ళుగా మాటల్లేవు, ఒకే కోటలో చెరో మహల్లో ఉంటారు. చివర్లో సిరిమానోత్సవం నాడు కోట బురుజు మీద కలుస్తారు. ‘వారి మధ్య ప్రేమ తిరిగి రగిలింది’ అని రాస్తే చదివినవాళ్ళు బాగా లేదంటున్నారు. కారణం చెప్పలేకపోతున్నారు. మూడో అధ్యాయంలో రాణి ‘తమరు ఈ మహల్లో అడుగుపెట్టి ఏడేళ్ళయింది, నువ్వు చిక్కిపోయావు’ అంటుంది. ఇది తప్పని ఒక మిత్రుడు గీత గీశారు. తప్పేనా? అలాగే ‘ఘోష’ అని రాయాలా, ‘ఘోషా’ అనా?

సమాధానం: చివరి ప్రశ్న చిన్నది కాబట్టి ముందు దాన్ని తేల్చేస్తాను. ‘ఘోషా’ అనే రాయండి. పారశీకంలో ‘గోషా’ అంటే మూల. నలుగురి కంటపడకుండా ఓ మూలన ఉండడం ఘోషా. మన నోట పడ్డాక ఒత్తు తెచ్చుకుంది. దీర్ఘం తీసేస్తే అది సంస్కృతం ‘ఘోష’ అయిపోయి పెద్ద చప్పుడనే అర్థం వస్తుంది. అప్పుడు ‘రాణిగారు ఘోషలో ఉన్నారు’ అంటే ఆవిడ భీమిలి ఒడ్డున అలల హోరులో కూర్చున్నట్టుంటుంది. మీ ఊళ్ళో అందరూ ఘోషాసుపత్రి అంటారు కదా, ఆ మాటలో దీర్ఘం ఘోషాదో ఆసుపత్రిదో తెలియకుండా సంధిలో కలిసిపోయింది. తికమక అక్కడే మొదలై ఉంటుంది.

ఇక రగలడం. తెలుగులో రగిలేవి పగ, కోపం, చిచ్చు, కడుపుమంట. మరి మన కావ్యాల్లో ప్రేమకి మంట లేదా అంటే ఉంది, కానీ అది ఎడబాటులో. వెన్నెల కాలుస్తుంది, గాలి వడగాడ్పవుతుంది, చెలికత్తెలు చందనం పూస్తారు. ప్రియుడు రాగానే అంతా చల్లబడుతుంది. మీ వాక్యంలో ఈ వరస తలకిందులైంది. ఏడేళ్ళు చల్లగా ఉండి, కలిశాక రగిలారు. చదివినవాళ్ళకి ఎబ్బెట్టుగా తోచింది ఇదే. ఇంగ్లీషు నవలల్లో ఆరిన నిప్పు మళ్ళీ రాజుకోవడం వాళ్ళ చలిదేశానికి సరిపోయే పోలిక. మనకి ప్రేమ తడి వస్తువు. చిగురిస్తుంది, మనసు కరుగుతుంది, మాటలో తడి తగులుతుంది. ‘చిగురించింది’ అరిగిపోయిన మాటే, ఒప్పుకుంటాను. అయినా అరిగిన మాట తప్పు మాట కన్నా నయం.

అసలు ‘ప్రేమ’ అన్న మాటే ఆ రాణి నోట ఎక్కువసార్లు రానివ్వకండి. మక్కువ, కూరిమి, వలపు, నెయ్యం ఉన్నాయి. మక్కువ అనగానే మీ వైపు వాళ్ళకి ముందు ఊరు గుర్తొస్తుందనుకోండి (2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది), అయినా మాట బాగుంటుంది. నెయ్యం ‘స్నేహం’ నుంచి వచ్చిన తద్భవం. సంస్కృతంలో స్నేహానికి నూనె, జిడ్డు అనే అర్థం కూడా ఉంది. తడి అన్నాను కదా!

మీరు అడగని సంగతి ఒకటి. మొదటి అధ్యాయంలో ‘రాణి మనసు విరిగిపోయింది’ అని రాసి ఉంటే కొట్టేయండి. ఇనుము విరిగితే రెండుసార్లో మూడుసార్లో కాచి అతకవచ్చు, మనసు విరిగితే మాత్రం చేర్చలేమని వేమన చెప్పేశాడు. తెలుగు పాఠకుడికి ఆ పద్యం నోటికి వచ్చు. విరిగిందని మీరంటే ఇంక అతకదనే అనుకుంటాడు. ఎడమొహం పెడమొహం అనండి, ముభావం అనండి. మొదట్లో అయితే ‘అలక’ అనండి. కోపం ఎవరిమీదైనా రావచ్చు. అలక మాత్రం తీర్చేవాళ్ళు ఉన్నారన్న ధీమా ఉన్నవాళ్ళకే వస్తుంది. నంది తిమ్మన దీన్ని ‘నెయ్యపుఁ గిన్క’ అన్నాడు, నెయ్యంలోంచి పుట్టిన కినుక. కృష్ణరాయలకీ తిరుమలదేవికీ మధ్య వచ్చిన అలక తీర్చడానికే ఆయన పారిజాతాపహరణం రాశాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, మీ నవలకి అంతకన్నా దగ్గరి చుట్టం లేదు.

ఇక ‘తమరు’, ‘నువ్వు’. వ్యాకరణం దృష్టిలో మీ వాక్యంలో దోషం లేదు. ‘తమరు చిక్కిపోయావు’ అంటే తప్పు. మీరు ‘నువ్వు’ అన్నాకే ‘చిక్కిపోయావు’ అన్నారు, క్రియ కుదిరింది. మీ మిత్రుడి అభ్యంతరం మర్యాద గురించి. రాణి రాజుని నువ్వంటుందా? కావ్యాల్లో రాణులేం ఖర్మ, రాజుల దగ్గర చేయి చాచిన కవులే ‘నీవు’ అన్నారు. అయితే మీ కథాకాలపు జమీందారీ కోటలో అది చెల్లదు. నలుగురిలో ‘తమరు’, కాస్త చనువున్న చోట ‘మీరు’. ‘నువ్వు’ నోరు జారితే తప్ప రాదు.

జారనివ్వండి. మీ మిత్రుడు గీత గీసిన ఆ జారుపాటే మీ నవలకి ప్రాణం. కాకపోతే అది మూడో అధ్యాయంలో ఉండకూడదు. అక్కడ ఆవిడ ‘తమరు’ అని కూడా అనకూడదు, అసలు భర్తతో మాట్లాడకూడదు. రాజు గుమ్మంలోనే నిలబడి ఉండగా దాసితో ‘రాజావారు భోంచేశారేమో కనుక్కో’ అనాలి. ‘మీ నాన్నగారిని అన్నానికి రమ్మను’ అని పిల్లల చేత కబురు పంపించిన అమ్మలు మనందరి ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ వాక్యం చాలు, ఏడేళ్ళ చరిత్ర విప్పి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఎప్పుడో ‘తమరు’. ఇంకా తర్వాత ‘మీరు’.

పిలుపులో దూరం కొలవడం మీ ఊరి విద్యే. గురజాడ 1910లో అచ్చు వేయించిన ‘దిద్దుబాటు’లో, పాటకచేరీల మోజులో పడి రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన భర్తకి భార్య రాసిపెట్టిన ఉత్తరం దొరుకుతుంది. అది ‘అయ్యా’ అని మొదలవుతుంది. ‘ప్రియా’ పోయి ‘అయ్యా’ దాకా వచ్చిందా అని అతను అక్కడే కుదేలవుతాడు. మిగతా ఉత్తరం ఎలా ఉన్నా, దెబ్బ తగిలింది ఆ రెండక్షరాలతోనే.

ఇంగ్లీషు ప్రేమ నవలల్లో డ్యూకు భార్య అలిగినప్పుడు భర్తని బిరుదుతో పిలిచి, దగ్గరయ్యాక పేరుతో పిలుస్తుంది. వాళ్ళకి ఉన్నది ఒక్కటే ‘యు’, పాపం ఏం చేస్తారు. ఆ పద్ధతి మనం తెచ్చుకోనక్కర్లేదు. మీ రాణి భర్త పేరు పలకదు, పలికితే కోట కోటంతా ముక్కున వేలేసుకుంటుంది. బదులుగా మనకి మూడు సర్వనామాలున్నాయి. ‘తమరు’కీ ‘మీరు’కీ క్రియ ఒకటే, ‘నువ్వు’ దగ్గర మాత్రం క్రియ కూడా మారుతుంది. క్రియ దగ్గర మాత్రం మీ యాస వదులుకోకండి. ‘చిక్కిపోయారు’ కన్నా ‘చిక్కిపోయేరు’ అంటే ఆవిడ విజయనగరం ఆడపడుచు అనిపిస్తుంది.

సిరిమానోత్సవం నాడు ఇద్దరూ కోట బురుజు మీద నిలబడే ఘట్టం ఉందన్నారు. మీ వాక్యాన్ని అక్కడికి మార్చండి. ‘తమరు ఈ బురుజు ఎక్కి ఏడేళ్ళయింది’ అని ఆవిడ పద్ధతిగానే మొదలుపెడుతుంది. కాగడాల వెలుగులో ఆయన మొహం చూస్తుంది. ‘ఎంత చిక్కిపోయేవు’ అంటుంది. ఇక్కడ ‘నువ్వు’ కూడా వద్దు, క్రియలోనే ఉంది. పక్కన దాసి ఉంటే మాత్రం ఆవిడ నోరు జారదు, మళ్ళీ ‘రాజావారు’ అనేస్తుంది. దాసిని ముందే కిందికి పంపించేయండి.