ఇరవైకి ఇరవై వేసే ముందు, బిడ్డా

బిడ్డా,

డీఎస్సీలో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా నీకు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేయగానే దేవుడి ముందు దీపం పెట్టాను. మన ఇంట్లో చాక్‌పీసు పట్టిన రెండో ఆడపిల్లవు నువ్వు. ఆ సంతోషంతో రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి మాత్రం భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ప్రార్థన బెల్లుకు పది నిమిషాల ముందే బడిలో ఉండు. రేపటి పాఠం ఈ రాత్రే చూసుకో. గొడుగు మరచిపోకు. మిగతావి పిల్లలే నేర్పిస్తారు. నా భయమంతా ఇంటర్నల్ మార్కుల గురించే.

పదో తరగతిలో సబ్జెక్టుకు 20 మార్కులు మన చేతిలో ఉంటాయి. పరిశీలనకు వచ్చే బృందం ప్రాజెక్టులు, నోటుబుక్కులు తిరగేసి సంతకం పెట్టి వెళ్తుంది. గైడు చూసి దించినదేదో, పిల్లవాడు బుర్ర పెట్టి చేసినదేదో నీకే తెలుస్తుంది.

ఈ పద్ధతి వచ్చిన కొత్తలో నా క్లాసులో ఒక పిల్లవాడుండేవాడు. మూడో బెంచీ. కరెంటు పనంటే ప్రాణం. పాడైన టార్చిలైట్లు విప్పి బాగుచేసేవాడు. కానీ మైనస్ మూడు, మైనస్ ఐదు కలిపితే ప్లస్ ఎనిమిది అని రాసేవాడు. "మైనస్, మైనస్ కలిస్తే ప్లస్ కదా మేడం" అనేవాడు. గుణకారం సూత్రాన్ని కూడికలో పెడుతున్నాడని నాకు తెలుసు. నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టుకుంటే పోయేదానికి, సిలబస్ కాలేదు, తర్వాత చూద్దాం అనుకున్నాను. స్లిప్ టెస్టుల్లో వాడికి ఐదుకు ఒకటి, ఒకటిన్నర.

మార్కులు ఎక్కించే రోజు వచ్చింది. "మండలంలో అందరూ 19, 20 వేస్తున్నారు, మన పిల్లలెందుకు నష్టపోవాలి" అన్నారు తోటి టీచర్లు. నాకూ నిజమే అనిపించింది. వాడి మీద జాలి కూడా. 8 రావలసిన చోట 20 వేశాను.

బోర్డు పరీక్షలో రెండు పేపర్లు కలిపి 80కి 42 తెచ్చుకున్నాడు. 8 కలిపితే 50, అంటే సీ2 గ్రేడు, పదికి ఐదు పాయింట్లు. నా 20 తో 62 అయింది, బీ2, ఏడు పాయింట్లు. మిగతా సబ్జెక్టుల్లోనూ అలాగే పెరిగాయి.

ఫలితాలు వచ్చాక వాళ్ల నాన్న స్వీట్లు పట్టుకొని వచ్చాడు. "వాడేమో ఐటీఐల ఎలక్ట్రీషియన్ చేస్తనంటున్నడు. నాకేమో ఎంపీసీ చదివియ్యాలని ఉంది. లెక్కలల్ల ఎట్లున్నడు మేడం?" అని అడిగాడు. అప్పుడైనా నిజం చెప్పవలసింది. నేను వేసిన మార్కును నేనే ఎలా కాదనను? "మంచిగనే ఉన్నడు, చదివించండి" అన్నాను. ఆయన అప్పు చేసి ఫీజు కట్టాడు.

ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పేపర్లు రెండూ పోయాయి. మళ్లీ రాశాడు, మళ్లీ పోయాయి. చదువు మానేశాడు. కొన్నేళ్లకు బస్టాండులో కనిపించి, పిలిచి మరీ నమస్తే పెట్టాడు. అర్థం కానప్పుడు సార్‌ను అడగకపోయావా నాయనా అన్నాను. "అడిగితే, టెన్త్‌ల ఇన్ని పాయింట్లు ఎట్లొచ్చినయ్ అంటరని అడగలే మేడం" అన్నాడు.

నా 20 వాడి నోరు కట్టేసింది, బిడ్డా. ఐదు పాయింట్లతో వెళ్లినవాడు "ఇది నాకు రాదు సార్" అనగలిగేవాడు. వాడికి ఆ మాట అనుకునే వీలు లేకుండా నేనే చేశాను. ఇప్పటికీ ఇంటర్ ఫలితాల రోజు మా ఇంట్లో టీవీ పెట్టను.

2021లో కరోనాతో పరీక్షలు రద్దయినప్పుడు మన తెలంగాణలో ఎఫ్‌ఏ1, అంటే బడిలోనే మనం వేసే మొదటి విడత ఇంటర్నల్ మార్కులతోనే ఫలితాలు ఇచ్చారు. 20కి వచ్చినవాటిని ఐదింతలు చేశారంతే. 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10 జీపీఏ, అంటే పదికి పది పాయింట్లు. ఆ కష్టకాలంలో వేరే దారి లేదు, పిల్లల తప్పసలే లేదు. కానీ ఆ ఏడాది మార్కులు ఎక్కించేటప్పుడు నాకు మూడో బెంచీయే గుర్తొచ్చింది.

నీకూ పక్క బడుల మాటే చెబుతారు. అది వట్టి మాటేమీ కాదు, బాసర ట్రిపుల్ ఐటీ సీట్లు పదో తరగతి ఫలితాలను బట్టే ఇస్తారు కదా. పిల్లలకు నష్టం చేయమని నేననను. 20 వేయాలని ఉంటే, 20 వచ్చేదాకా రాయించు. ఒకటి వచ్చినవాడికి వారం ఆగి అదే టెస్టు మళ్లీ పెట్టు. జూన్‌లోనే ఆరో తరగతి లెక్కలిచ్చి చూడు, మైనస్‌లు, భిన్నాలు. ఎవరెక్కడ ఆగిపోయారో ఆ నెలలోనే తెలిసిపోతుంది. తండ్రి అడిగితే మెమో మాట ఎత్తకు, నోటుబుక్కు తెరిచి చూపించు. చెప్పేటప్పుడు నీ గొంతు వణుకుతుంది. ఫరవాలేదు, చెప్పు.

ఇన్ని చెప్పి నిన్ను టెన్షన్ పెట్టానేమో. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని ఎక్కాలు తప్పు చెప్పి, నేను సరే అంటే ఊరుకునేదానివి కాదు, మళ్లీ మొదటి నుంచి చెప్పేదానివి. నీ మొదటి స్లిప్ టెస్టు పేపర్లు ఆదివారం ఇక్కడికి పట్టుకురా. ఇద్దరం కూర్చుని దిద్దుదాం. నీకిష్టమైన పచ్చిపులుసు చేసి పెడతాను.

నీ పెద్దమ్మ