బుజ్జీ, ఆ నాలుగు మాటలతో మొదలుపెట్టు

బుజ్జీ,

ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్ళని చూసుకునే పనికి నీకు వీసా వచ్చిందని నిన్న మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. పచ్చళ్ళు ఎన్ని కేజీలు పట్టుకెళ్ళొచ్చు, చలికి ఒక్క స్వెట్టర్ సరిపోతుందా అని అడిగావట, అవన్నీ ఫోన్‌లో చెప్తాను. అక్కడి భాష హీబ్రూ సంగతి మాత్రం రాసి పంపిస్తున్నాను. ఇది ఒకసారి విని వదిలేసేది కాదు, బయల్దేరేలోపు ఈ నెల రోజులూ దగ్గర పెట్టుకుని రోజూ కాసేపు చూసుకోవాలి.

"అక్కడికి వెళ్తే భాష అదే వస్తుందిలే" అన్నావట. మాట్లాడటం వస్తుంది, నిజమే. చదవడం దానంతట అది రాదు. అక్కడ రామత్ గాన్ అనే ఊళ్ళో ఒకే సవ్తా దగ్గర నేను ఎనిమిదేళ్ళు చేశాను కదా (సవ్తా అంటే నానమ్మ అయినా అమ్మమ్మ అయినా ఒకటే మాట, తాతయ్య అయితే సబా), అందులో మొదటి రెండేళ్ళూ విన్న ప్రతి మాటా తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకుంటూ గడిపేశాను. మాటలు బాగానే వచ్చాయి, సవ్తాతో కబుర్లు కూడా చెప్పేదాన్ని, ఇంక అక్షరాలతో నాకేం పని అనుకున్నాను.

ఒకరోజు డాక్టర్ మందులు మార్చారు. మందుల షాపులో రెండు డబ్బాలు ఇచ్చి, వాటి మీద చీటీలు అంటించారు. ఒకటి పొద్దున వెయ్యాల్సింది, ఇంకోటి రాత్రిది. ఏది ఏదో ఆ చీటీల మీద రాసే ఉంది, నాకు మాత్రం అవి గీతల్లా కనిపిస్తున్నాయి. సవ్తా కళ్ళజోడు పెట్టుకున్నా ఆ చిన్న అక్షరాలు కనపడవు, కూతురు ఫోన్ ఎత్తదు. చేతులు వణుకుతుంటే ఎదురింటి తలుపు కొట్టాను. ఆవిడ ఒక డబ్బా మీద వేలు పెట్టి "బోకెర్" అంది, రెండో దాని మీద పెట్టి "ఎరెవ్" అంది. రోజూ పొద్దున్నే లేచి నేను చెప్పే "బోకెర్ తోవ్"లో బోకెర్, పొద్దుగూకాక చెప్పే "ఎరెవ్ తోవ్"లో ఎరెవ్! రెండేళ్ళుగా నా నోట్లో ఉన్న మాటలే నా కళ్ళకి తెలియలేదు. మర్నాటి నుంచే అక్షరాలు పట్టాను.

అందుకే నువ్వు పలకరింపులు వేరే, అక్షరాలు వేరే అని నేర్చుకోకు. షాలోమ్ (మన నమస్తే లాంటి పలకరింపు), బోకెర్, ఎరెవ్, తోదా. ఈ నాలుగు మాటలూ హీబ్రూ అక్షరాల్లోనే రాయడం నేర్చుకో. షాలోమ్‌లో షిన్, లామెద్, వావ్, మేమ్ ఉన్నాయి. బోకెర్‌లో బేత్, వావ్, కోఫ్, రేష్. ఎరెవ్‌లో ఆయిన్, రేష్, బేత్. తోదా (ధన్యవాదాలు) రాయాలంటే తావ్, వావ్, దాలెత్, హే. లెక్కపెట్టు, మళ్ళీ వచ్చినవి వదిలేస్తే పదకొండు అక్షరాలు. మొత్తం ఉన్నవి ఇరవై రెండే, అంటే నాలుగు మాటలకే సగం వచ్చేసినట్టు. మిగతా సగం కూడా ఇంట్లో రోజూ వినపడే మాటల్లోనే దొరుకుతుంది: తోవ్ (మంచి), స్లిఖా (క్షమించండి), కిస్సే (కుర్చీ), గ్వినా (చీజ్), జె (ఇది), పో (ఇక్కడ), త్సోహొరాయిమ్ (మధ్యాహ్నం). నేను కూర్చుని సరిచూశాను, వీటితో ఇరవై రెండూ పూర్తయిపోతాయి.

అక్షరాల పేర్లు నీకు కొత్తేం కాదు. ఇంట్లో బైబిలు తీసి 119వ కీర్తన చూడు, ఎనిమిది వచనాలకోసారి ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని ఉంటాయే, అవే. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టి కూడా అవేంటో ఎవరం అడగలేదు. ఒక్కో అక్షరానికి ఎనిమిదేసి చొప్పున 176 వచనాలు. చివర్లో తౌ అని ఉన్నదాన్ని అక్కడ తావ్ అంటారు, అలా పలకడంలో కొంచెం కొంచెం తేడాలుంటాయి అంతే.

రాత కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, అది వారంలో అలవాటైపోతుంది. కష్టమంతా ఒకేలా ఉండే అక్షరాలతోనే. దాలెత్‌కి పైన కుడి మూల కొస బయటికి పొడుచుకొస్తుంది, రేష్ అదే చోట గుండ్రంగా వంగిపోతుంది. హేకి ఎడమ కాలు పై గీతని తాకదు, సందు ఉంటుంది, ఖేత్‌కి తాకుతుంది, తావ్‌కి తాకి, కింద పాదం బయటికి తిరుగుతుంది. మాట చివర వచ్చే మేమ్ నాలుగు పక్కలా మూసుకుపోయిన చదరం, సామెఖ్ అలాగే మూసుకున్నా కింద గుండ్రం. ఇలా చివర్లో రూపం మారేవి ఐదున్నాయి: కాఫ్, మేమ్, నూన్, పే, త్సాదీ. జంటలు జంటలుగా కాగితం మీద పెద్దగా రాసి వంటింట్లో అంటించుకో, పప్పు ఉడికేలోపు చూసుకోవచ్చు.

ఇంకొకటుంది, మొదట్లో దిగులు పెట్టేది. వాళ్ళ మామూలు రాతలో గుణింతాలు ఉండవు. మనం కాలు, కీలు, కూలి, కల అన్నీ "కల" అని రాసేసి, సందర్భాన్ని బట్టి చదువుకుంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. వావ్, యోద్ లాంటివి అక్కడక్కడా సాయం చేస్తాయి, అంతకు మించి లేదు. సామెఖ్, పే, రేష్ అని మూడక్షరాలు రాస్తే అది సెఫెర్ (పుస్తకం) అవ్వొచ్చు, సపార్ (మంగలి) అవ్వొచ్చు. అచ్చుల కోసం చుక్కలూ గీతలూ ఉన్నాయి, నిక్కూద్ అంటారు, కానీ అవి పిల్లల పుస్తకాల్లో, ప్రార్థన పుస్తకాల్లో, కవితల్లో కనిపిస్తాయి తప్ప మందు చీటీ మీద కనపడవు. కాబట్టి ముందు చెవికి తెలిసిన మాటనే కంటితో చదవాలి. తెలియని మాటని అక్షరం అక్షరం కూడబలుక్కుంటే ఎంతసేపైనా తేలదు, అందుకే పలకరింపులతో మొదలుపెట్టమంటున్నది.

పలకడం విషయానికొస్తే, తోదా అంటే మన త, మన ద. ఇంగ్లిష్ అక్షరాల్లో చదివి "టోడా" అనేవాళ్ళని చాలామందిని చూశాను, ఆ అలవాటు చేసుకోకు. త్సాదీ మనకి పుట్టుకతోనే వచ్చు: చలి, చాప అన్నప్పుడు వచ్చే చ ఉంది చూడు, అదే. వేరే దేశాల పిల్లలు దానికోసం తంటాలు పడతారు. ఖేత్ మాత్రం మన ఖ కాదు, గొంతు లోపల్నుంచి గీరుకుంటూ రావాలి. మా సవ్తా బాగ్దాద్‌లో పుట్టారు, 1951లో వాళ్ళ కుటుంబమంతా ఇజ్రాయెల్ వచ్చేశారు, ఆవిడ ఖేత్, ఆయిన్ రెండూ గొంతు లోతుల్లోంచి పలికేవారు. ఈ కాలం పిల్లలు ఆయిన్‌ని ఆలెఫ్ లాగే మింగేస్తారు. ఎవరింట్లో ఉంటే వాళ్ళ పలుకే పట్టుకో.

"పో" అన్న మాట దగ్గర జాగ్రత్త. నేను వెళ్ళిన రెండో రోజు, సవ్తా మంచం మీద నుంచి చెయ్యి ఊపుతూ "బోయీ పో, బోయీ పో!" అన్నారు. నాకు వినపడింది పో ఒక్కటే. వచ్చిన రెండో రోజే పొమ్మంటోంది అనుకుని వంటింట్లోకి వెళ్ళి నిలబడి ఏడ్చేశాను. బోయీ అంటే రా, పో అంటే ఇక్కడ, ఇక్కడికి రా అమ్మా అని పిలిచారు, మంచినీళ్ళ కోసం. హనుక్కా అని యూదుల పండక్కి పిల్లలు తిప్పే బొంగరం ఉంటుంది, సెవివోన్, దాని నాలుగు పక్కలా నూన్, గీమెల్, హే, పే ఉంటాయి. "గొప్ప అద్భుతం ఇక్కడ జరిగింది" అన్న మాటల మొదటి అక్షరాలవి, ఆ చివరి పే ఈ "పో"యే. వేరే దేశాల్లో యూదులు తిప్పే బొంగరానికి పే బదులు షిన్ ఉంటుంది, అంటే "అక్కడ" జరిగిందని. సవ్తా మనవడు అది నా చేతిలో పెట్టి అక్షరాలు చెప్పించాడు, వాడికి అప్పుడు ఆరేళ్ళు.

పలకరించడంలో మొహమాటం వద్దు. బోకెర్ తోవ్ అంటే "బోకెర్ ఓర్" అని బదులొస్తుంది, ఓర్ అంటే వెలుగు. శుక్రవారం "షబ్బత్ షాలోమ్" (షబ్బత్ అంటే వాళ్ళ విశ్రాంతి దినం), శనివారం చీకటి పడ్డాక "షావూఆ తోవ్" అంటే మంచి వారం కావాలని. తుమ్మితే మనం చిరంజీవ అన్నట్టు "లబ్రియూత్". నువ్వు కొత్త బట్టలు కట్టుకుంటే "తిత్‌ఖద్షీ" అంటారు, నువ్వూ కొత్తగా అవ్వాలని. ఆ మాట నాకెంతో ఇష్టం. పండగలకి "ఖగ్ సమేయఖ్", కానీ హోలోకాస్ట్‌లో, అంటే హిట్లర్ కాలంలో జరిగిన యూదుల ఊచకోతలో చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున అలా అనకూడదు. ఆరోజు పొద్దున పదింటికి సైరన్ రెండు నిమిషాలు మోగుతుంది, చేతిలో ఏ పనున్నా ఆపి నిలబడు.

హీబ్రూలో మీరు, నువ్వు అన్న తేడా లేదు. ఎనభై ఐదేళ్ళ ఆవిడనైనా "అత్" అనే అనాలి, మగాళ్ళయితే "అతా". గారు లేదు, పేరు పెట్టి పిలవడమే. మనకి నోరు రాదు, నాకూ చాలా రోజులు రాలేదు, కానీ అది అక్కడ అమర్యాద కాదు. ఆడ మగ తేడా మాత్రం ప్రతి మాటలో చూసుకో. ఎలా ఉన్నారు అని ఆవిడని అడిగితే "మా ష్లోమెఖ్", ఆయన్ని అడిగితే "మా ష్లోమ్‌ఖా". నువ్వు నీ గురించి చెప్పుకున్నా తేడా ఉంటుంది, "నాకు అర్థం కాలేదు" అంటే నువ్వు "అనీ లో మెవినా" అనాలి, "మెవిన్" అంటే మగవాళ్ళు అనే మాట. వీడియోల్లో మగ గొంతు విని అలాగే నేర్చేసుకోకు. "ఒద్ పఅమ్" (ఇంకోసారి), "లెఆత్ లెఆత్" (మెల్లిగా) ఈ రెండూ వాడటానికి సిగ్గుపడకు. ఆ వయసువాళ్ళలో చాలామంది నీలాగే వేరే దేశం నుంచి వచ్చి, పెద్దయ్యాక ఈ భాష నేర్చుకున్నవాళ్ళే, విసుక్కోరు.

పేర్లు. "ఎయ్ఖ్ కొరిమ్ లాఖ్?" అంటే మన "నిన్నేమని పిలుస్తారు" లాగే. "కొరిమ్ లీ" అని నీ పేరు చెప్పాలి. వాళ్ళ పేర్లు సగం నీకు బైబిల్లోంచి తెలుసు, పలుకు మారుతుంది: సొలొమోను అక్కడ ష్లోమో, హవ్వ అంటే ఖవా, రిబ్కా అంటే రివ్కా. మిగతావాటికి అర్థం అడుగు, సంతోషంగా చెప్తారు. తల్ అంటే పొద్దున గడ్డి మీద కనిపించే మంచు, దోవ్ అంటే ఎలుగుబంటి, త్స్వీ అంటే జింక, తమార్ అంటే ఖర్జూరం చెట్టు. ఒక్క పేరు మాత్రం నోటితో పలకొద్దు. మన ప్రార్థనల్లో యెహోవా అని ఎన్నిసార్లు అంటామో నీకు తెలుసు, వాళ్ళు ఆ పేరు పలకరు. ప్రార్థనలో అదొనాయ్ అంటారు, మామూలు మాటల్లో హషెమ్, అంటే "ఆ పేరు" అని. బాగున్నారా అని అడిగితే "బరూఖ్ హషెమ్" (దేవుడికి స్తోత్రం) అంటారు, నువ్వూ అదే అను.

మందుల డబ్బా చూసుకోవడం నీ పనే అవుతుంది. దానికి ఏడు గదులుంటాయి, వాటి మీద ఆలెఫ్ నుంచి వావ్ దాకా ఆరు అక్షరాలు, ఏడోది షిన్. ఆదివారం వాళ్ళకి మొదటి రోజు కాబట్టి ఆలెఫ్, మంగళవారం గీమెల్, శనివారం షబ్బత్ కాబట్టి షిన్. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కాగితం మీద కూడా రోజుని ఇలాగే ఒక్క అక్షరంతో రాస్తారు. చేతిరాత అక్షరాలు అచ్చు అక్షరాల్లా ఉండవు, సామాన్ల లిస్టు చూసి కంగారుపడతావు, అవి వెళ్ళిన నెల తర్వాత మొదలుపెట్టు చాలు. అంబులెన్స్ 101, అది ఇప్పుడే ఫోన్‌లో వేసుకో.

రోజుకి రెండు అక్షరాలు, అంతకంటే వద్దు. ఇవాళ షిన్, లామెద్. ఆదివారం చర్చి నుంచి వచ్చాక షాలోమ్ అని నీ చేత్తో రాసి ఫోటో తీసి నాకు పెట్టు, మేమ్ మూసుకుందో లేదో చూస్తాను.

మీ పిన్ని