ట్యూబు అడుగున ఏముందో చూడు

చి. సౌజన్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

సోమవారం నుంచి నిన్ను స్పైన్ (వెన్నెముక) ఆపరేషన్ థియేటర్లో వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాలుగేళ్లుగా మోకాలి మార్పిడి ఆపరేషన్లకు ట్రేలు సర్దుతున్నదానివి, అంత టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కోతను తెరిచి పట్టే రిట్రాక్టర్ ఒక్కదాని దగ్గర మాత్రం నీ పాత అలవాటు పనికిరాదు. మోకాలి కేసుల్లో దాన్ని ఎవరో ఒకరు చేత్తో పట్టుకుంటారు. చెయ్యి లాగేస్తే సడలిస్తారు, సర్జన్ కసురుకుంటారు, మళ్లీ పట్టుకుంటారు. ఇక్కడ పట్టుకునేది టేబుల్ కమ్మీకి బిగించిన ఇనుప చెయ్యి. దానికి అలసట రాదు, తన కింద ఏం నలుగుతోందో దానికి తెలియదు. ఆ తెలియాల్సింది నీకు.

నేను చేరిన కొత్తలో నడుము డిస్క్ ఆపరేషన్ అంటే మధ్యలో బెత్తెడు కోత. కండరాన్ని ఎముక మీంచి గీరి పక్కకు తోసి, టేలర్ రిట్రాక్టర్ మొనను కీలు అవతల ఆనించి, పిడికి రోలర్ బ్యాండేజీ కట్టి కిందికి వదిలేవాళ్లు. దాని చివర బరువు వేలాడదీసేవాళ్లు, లేదంటే సర్జనే కాలితో తొక్కిపట్టేవారు. నవ్వకు, ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది, డిస్కూ బాగానే వస్తుంది. చిక్కల్లా కండరంతోనే. అంతసేపు అదిమి ఉంచితే లోపలికి రక్తం ఆడదు. జపాన్‌లో కవాగుచి బృందం 1990లలో దీని మీదే పనిచేసింది. ఎంత గట్టిగా నొక్కాం, ఎంతసేపు నొక్కాం అన్నదాన్ని బట్టే కండరం దెబ్బతింటుందని చూపించింది. ఈ రెండూ గుర్తుపెట్టుకో, ట్యూబు వచ్చినా ఆ లెక్క మారలేదు.

కోతను సన్నటి గొట్టంతోనే తెరిచి ఉంచే ఈ ట్యూబు పద్ధతిని 1997లో అమెరికాలోని మెంఫిస్ డాక్టర్లు కెవిన్ ఫోలీ, మారిస్ స్మిత్ తెచ్చారు. కండరాన్ని ఎముక నుంచి ఊడదీయకుండా, అరటినార నిలువునా చీలినట్టు దాని పోగుల మధ్యే సందు చేసుకుని దిగుతారు. డిస్క్ కేసుకైతే మధ్య గీతకు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల పక్కగా చిన్న కోత పెడతారు. ముందు ఆ సందును వెడల్పు చేసే సన్నటి డైలేటర్, దాని మీద ఇంకాస్త లావుది, దాని మీద ఇంకొకటి. అన్నిటికన్నా పైన ట్యూబు. అది కూర్చున్నాక లోపలి డైలేటర్లన్నీ తీసేస్తారు. నువ్వు వాటిని వరస తప్పకుండా అందించాలి, తీసినవాటిని అదే వరసలో పక్కన పెట్టుకోవాలి.

మొదటి డైలేటర్ దగ్గర మాత్రం కబుర్లు కట్టిపెట్టు. కొందరు ముందు సన్నటి తీగ దించుతారు. అది ఎముక మీద ఆనకుండా రెండు లామినాల (వెన్నుపూస వెనక ఉండే ఎముక పలకల) మధ్య సందులోకి జారిందంటే నరాల పొర చిరుగుతుంది. అందుకే చాలామంది తీగ మానేసి, మొద్దు మొన ఉన్న డైలేటర్‌నే నేరుగా దించుతున్నారు. సర్జన్ కొత్తవాళ్లైతే ముందురోజే అడుగు, "సర్, తీగ పెట్టమంటారా?" అని. అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు. తీగ వాడే చోటైతే, దాని మీంచి డైలేటర్ దిగేటప్పుడు తీగ కూడా లోపలికి పోతోందేమోనని దాని పైకొస మీదే కన్నేసి ఉంచు.

ఇప్పుడు పొడవు సంగతి. దీన్ని కాస్త నెమ్మదిగా చదువు. మా సెట్టులో ట్యూబులు 3 సెంటీమీటర్ల నుంచి 9 దాకా, సెంటీమీటరు తేడాతో ఉండేవి. వెడల్పు సర్జన్ ముందే చెప్తారు. డిస్క్‌కి ఎక్కువగా 16 లేక 18 మిల్లీమీటర్లు, స్క్రూలూ, కేజ్ (డిస్క్ స్థానంలో పెట్టే దిమ్మ) వేసి పూసలను అతికించే ఫ్యూజన్‌కి 22, లేదంటే అడుగున విచ్చుకునే రకం. పొడవు మాత్రం అప్పటికప్పుడు తేలుతుంది. చివరి డైలేటర్ మీద చర్మం దగ్గర ఏ గీత కనిపిస్తే అది లోతు. సర్జన్ చదివి చెప్తారు, నువ్వూ చదువు. ట్యూబు సెంటీమీటరు పొడవైతే పైకి పొడుచుకొచ్చి, ఎముకను కొరికే కెరిసన్ అడుగుకు అందదు, చేతులు గాల్లో తేలతాయి. పొట్టిదైతే ఇంకా ఘోరం. మన ఊళ్లో బోరు వేసినప్పుడు కేసింగ్ పైపు గట్టి రాయి తగిలేదాకా దించకపోతే ఏమవుతుంది? అడుగు సందులోంచి మట్టి జారి బోరు పూడిపోతుంది. ఇదీ అంతే. ట్యూబు అంచు లామినా మీద గట్టిగా కూర్చోకపోతే ఆ సందులోంచి కండరం లోపలికి పాక్కుంటూ వస్తుంది. సర్జన్ దాన్ని కాల్చి, కోసి తీస్తూనే ఉంటారు. కాపాడదామనుకున్న కండరాన్నే తెలియకుండా చెక్కేస్తున్నాం అన్నమాట. ఒక ముక్క తీశాక మళ్లీ మళ్లీ వస్తోందంటే ట్యూబు తేలిందని అర్థం. "సర్, ఇంకోసారి దించి బిగిద్దామా?" అని మెల్లగా అను.

దించడం అంటే ఒక చేత్తో ట్యూబును కిందికి నొక్కి పట్టుకుని, ఆ నొక్కు వదలకుండానే రెండో మనిషి ఇనుప చేతి మర బిగించాలి. బిగించాక నొక్కితే లాభం లేదు. ఆ తర్వాత సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే మెషిన్‌తో ఇంకొక బొమ్మ తీసి, సరైన లెవెల్లోనే ఉన్నామా చూసుకుంటారు. అన్నట్టు, థియేటర్లో ఆర్మ్‌లు రెండు. "ఆర్మ్ టైట్ చెయ్యండి" అని సర్జన్ అంటే, పాపం కొత్త టెక్నీషియన్ సి-ఆర్మ్ బ్రేకులు బిగించాడొకసారి. నువ్వు పూర్తి పేరు పెట్టి పిలువు.

ఆ ఇనుప చెయ్యి నాకు నేర్పిన పాఠం ఒకటి చెప్తాను. ఊరూ ఆసుపత్రీ ఎందుకులే. సెట్టు కంపెనీ నుంచి ముందురోజు రాత్రి వచ్చింది. సామాన్లు లెక్క చూసి, సంతకం పెట్టి స్టెరిలైజేషన్‌కి పంపేశాను. చేతిని బిగించి చూడాలని తోచలేదు. మర్నాడు సర్జన్ డ్రిల్లుతో లామినా పలచన చేస్తుండగా, లోపలి కీలు అరిగిపోయిన ఆ చెయ్యి మెల్లగా వాలింది. ఆయన చూపు మైక్రోస్కోపు మీదే ఉంది కాబట్టి వెంటనే డ్రిల్లు పైకి లేపారు. లేకపోతే ఏమయ్యేదో తలుచుకోను. మిగతా కేసంతా, ముప్పావు గంట, ట్యూబును నేను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. రాత్రి అన్నం ముద్ద నోటిదాకా రాలేదు. ఆనాటి నుంచి చెయ్యి రాగానే పూర్తిగా బిగించి, చివర పట్టుకుని నా బలం కొద్దీ వంచి చూసేదాన్ని. కదిలితే కంపెనీ అబ్బాయి ఎంత బతిమాలినా వెనక్కే. నువ్వూ అలాగే చెయ్యి. కేసు నడుస్తుండగా దాని మీద మోచెయ్యి ఆనించకు, ఎవరినీ ఆనించనివ్వకు.

సామాన్లు అందించేటప్పుడు సర్జన్ తల తిప్పరు, చెయ్యి చాపుతారంతే. ట్యూబులో వాడేవన్నీ మెడ వంపు తిరిగినవి, చెయ్యి చూపుకు అడ్డం రాకుండా. ఆ వంపు, మొన ఎటు ఉండాలో అటే పెట్టి చేతిలో ఉంచు. పాటీల (రక్తం పీల్చే చిన్న దూది ముక్కల) దారాలు ఎప్పుడూ ట్యూబు బయటికి వేలాడాలి, కత్తిరించకు. అంత ఇరుకులో రక్తంలో తడిసిన పాటీ కండరం ముక్కలాగే కనిపిస్తుంది. ట్యూబు తీయకముందే కౌంట్ చెప్పాలి.

లైటు కేబుల్ ఉన్న ట్యూబైతే, వెలుగుతున్న కేబుల్ కొసను గుడ్డ మీద పడెయ్యకు, కాలుతుంది.

ట్యూబు పెట్టి గంట దాటితే సర్జన్‌కి టైమ్ చెప్పు. మూతి బిగించుకుని కూర్చోకు. పక్క నుంచి, వెన్నెముక పక్కనే ఉండే సోయాస్ కండరంలోంచి వెళ్లే కేసుల్లో ఇది మరీ ముఖ్యం. తొడకు వెళ్లే నరాలు ఆ కండరంలోనే ఉంటాయి. రిట్రాక్టర్ బ్లేడ్లు విప్పిన నిమిషం బోర్డు మీద రాసిపెట్టు.

పెద్ద కోత పెట్టాల్సి వస్తే కావాల్సిన ఓపెన్ సెట్టు ఎప్పుడూ గదిలోనే ఉండాలి. పొర చిరిగితే కుట్టడానికి పొడవాటి నీడిల్ హోల్డర్, సన్నటి దారం ట్రాలీ మీదే ఉంచుకో. అప్పుడు వెతుక్కోవడం మొదలుపెడితే అందరి చేతులూ వణుకుతాయి.

కేసయ్యాక నెత్తురు ఎండనివ్వకు. ట్యూబు లోపల బ్రష్ పెట్టి తోము, విచ్చుకునే రకమైతే పళ్ల సందులన్నీ విప్పి కడుగు. అల్యూమినియం భాగాలు ఉంటే క్షారం ఎక్కువున్న డిటర్జెంట్‌లో వెయ్యకు, పైపూత పోతుంది. మా దగ్గర ఒక మంచి సెట్టు అలాగే తెల్లగా పొడిపొడి అయింది.

ఎక్స్‌రే నుంచి కాపాడే లెడ్ ఆప్రాన్ మడత పెట్టకు, పగుళ్లిస్తుంది, కొక్కేనికి తగిలించు. మెడ పట్టీ కూడా వేసుకో, ఉక్కగా ఉందని తీసెయ్యకు. మొదటి కేసు అయ్యాక ఫోన్ చెయ్యి. ఏ ట్యూబు, ఎంత పొడవు, ఎన్నిసార్లు తిరిగి దించారో చెప్పాలి నాకు. రాత్రి తొమ్మిది దాటితే నిద్రపోతాను, అంతకు ముందే చెయ్యి.

మీ పెద్దమ్మ