రెండు నోరి ప్యాకెట్లలో ప్రోటీన్ అంకెలు వేరెందుకు?

హనుమకొండలో కొన్న రెండు నోరి (రేకులుగా ఎండబెట్టిన సముద్రపు నాచు) ప్యాకెట్లలో ప్రోటీన్ తేడాగా ఉందని అడిగారు. అసలు కారణం సముద్రపు నీళ్లలోని నత్రజని. యూరియా అందని మక్కచేను పసుపుబారినట్టే, నైట్రేట్ (నత్రజని ఉండే లవణం) తగ్గిన నీళ్లలో నోరి రంగు వెలిసి ప్రోటీన్ పడిపోతుంది. ఎండ దండిగా ఉంటే పిండిపదార్థాలు పేరుకుని ప్రోటీన్ వాటా తగ్గుతుంది. ముదురు రంగు, తొలికోత నోరి కొనండి.

నాచుకు పోషకాలు తీసుకునే వేర్లుండవు, ఒళ్లంతా పీల్చుకుంటుంది. అందుకే మురికి నీళ్లలో కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి విషపదార్థాలు కూడా ఎక్కుతాయి.

కోంబు (మరో రకం సముద్రపు నాచు) అయితే అయోడిన్‌తో జాగ్రత్త. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు (మన ఉప్పులోనూ ఉంటుంది). ఒక్క గ్రాము ఎండు కోంబులోనే 1,000 దాటొచ్చు. 15 నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. థైరాయిడ్ సమస్య ఉంటే డాక్టర్‌ను అడగకుండా తినొద్దు.